రెండు వేళ్ళ సందు

మేమిప్పుడుంటున్న రైస్‌థార్ప్‌లో కూరగాయల కొట్టు ముందు వరసగా మూడు శనివారాలు ఒక తెల్లకారు ఆగింది. డిక్కీ తెరిచి ఉంటుంది. అందులో అరటిపళ్ళ అట్టపెట్టె, పెట్టెలో కుక్కపిల్లలు. మొదటి వారం ఆరు, రెండో వారం నాలుగు, మూడో వారం రెండు. మొన్న సంచి కిందపెట్టి, ఆ కారు మనిషిని అడిగాను.

“వీటి తల్లి ఎక్కడ?”

“ఇంటి దగ్గర, అంకుల్. మీకు మగది కావాలా, ఆడదా?”

“ముందు తల్లిని చూడాలి.”

ఆయన నవ్వాడు. “పెంచుకునేది పిల్లనా, తల్లినా?”

తల్లి ఎక్కడన్న ప్రశ్న నాది కాదు. పాతికేళ్ళ కిందట, ఇనపచువ్వల వెనక నిలబడి వచ్చేపోయే వాళ్ళందరినీ అదే మాట అడిగిన ఒక మనిషిది. ఆమె పోయి నాలుగేళ్ళయిందట. ఈ మధ్య ఒక పెళ్ళిలో పాత సహోద్యోగి మాటల మధ్యలో చెబితే తెలిసింది. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. కారు మనిషితో మాట్లాడాక ఆ ఒక్క వాక్యం చాలదనిపించింది.

ఆమె పేరు రాయను. అప్పటి డైరీల్లోనూ రాయలేదు. మొదటిరోజు అడిగితే, “పేరు ఫ్యాక్టరీలో ఉంది. ఇంట్లో అక్క” అంది. అందరికీ అక్కే. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద అయినా నాకూ అక్కే.

ఈ దేశంలో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ అందరూ కలిసి మొదటిసారి ఓటు వేసిన మరుసటి ఏడాది నేను లెక్కల మాస్టారుగా ఇక్కడికి వచ్చాను. డర్బన్ పక్కన షాల్‌క్రాస్‌లో ఒక ఇంటి పెరట్లో గది అద్దెకు దొరికింది. ముందున్న పెద్ద ఇంట్లో యజమాని, ఆయన భార్య. పెరట్లో రెండు గదులు. ఒకటి నాది, పక్కది అక్కది. అక్క యజమానికి వదిన. భర్త పోయాక ఆ గదికి మారింది. డర్బన్‌లో బట్టల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చొక్కాల కాలర్లు కుట్టింది. వేరే ఏ భాగమూ కాదు, కాలర్లే. అందుకే కాబోలు, మనిషి ఎదురుపడితే మొహం కంటే ముందు మెడ చూసేది.

బడికి మొదటిరోజు టై కట్టుకుని బయటికి వస్తుంటే ఆపి, కాలర్‌లోకి చూపుడువేలు, మధ్యవేలు దూర్చింది. నేను బిగుసుకుపోయాను.

“రెండు వేళ్ళు పట్టాల, సార్. ఊపిరి ఆడాల. ఫోర్‌మాన్ చెప్పింది.”

చంటిపిల్లల గౌనుకీ అంతే, పక్కింటి పెళ్ళికూతురి గాజుకీ అంతే. బిగుతు కనిపిస్తే రెండు వేళ్ళు వెళ్ళేవి. పట్టకపోతే అక్కడికక్కడే విప్పేది.

ఆ ఇంట్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడేవాళ్ళు. అక్క కూడా అంతే. నాతో మాత్రం పట్టుబట్టి తెలుగు. చెరుకుతోటలకు వచ్చిన తాత దగ్గర నేర్చిన తెలుగు అది. నేనుకీ నువ్వుకీ ఒకటే క్రియ. తిట్లు మాత్రం చెక్కుచెదరలేదు. మరిదిని చాటుగా “ముదనష్టపోడు” అనేది, అంత చక్కటి ఉచ్చారణ నేను మా ఊళ్ళో కూడా వినలేదు. కుక్కలతో మాత్రం జూలూ. “తూలా, తూలా” అని వాటిని ఊరుకోబెట్టేది. అదేమిటంటే, “కుక్కకి తెలుగు ఎవడు నేర్పింది? నీకే సరిగా రాదు” అంది. నా తెలుగు పుస్తకాల తెలుగని ఆమె ఫిర్యాదు.

కుక్కలు ఆ పెరట్లో తొమ్మిదో పదో ఉండేవి. అది భయాల కాలం. ఎవరి ఇంటికి చూసినా గోడ ఎత్తు పెరుగుతోంది, కిటికీకి చువ్వలు పడుతున్నాయి, గేటు వెనక ఇంకో గేటు వస్తోంది. అల్సేషియన్ పిల్లకి పుట్టకముందే బేరం కుదిరేది. మా యజమాని మూడు ఆడకుక్కల్ని నా గది వెనకగోడకి ఆనించి కట్టిన ఇనప బోనుల్లో పెట్టి, ఏడాదికి రెండుసార్లు ఈనించేవాడు. వాటికి నడవటానికి చోటు లేదు. గుండ్రంగా తిరిగేవి. ఆ గోళ్ళ చప్పుడు గోడలోంచి నా మంచం దాకా వచ్చేది.

యజమాని చెడ్డవాడని రాయను. విమానాశ్రయానికి వచ్చి నన్ను తెచ్చుకున్నది ఆయన. చలికి దుప్పటి ఇచ్చింది ఆయన. ప్రతి ఉదయం ఇంటి ముందు పాతిన దేవుడి జెండా దగ్గర కర్పూరం వెలిగించి, ఆ పళ్ళెం నా గుమ్మం దాకా తెచ్చేవాడు. అయితే గేటు తాళాలు ఆయన భార్య నడుముకి ఉండేవి. అద్దెదారుణ్ణి కనక నాకొక తాళంచెవి ఇచ్చారు. అక్కకి లేదు. కొట్టుకి వెళ్ళాలంటే పిలిచి తీయించుకోవాలి, వచ్చాక మళ్ళీ పిలవాలి.

“ఓటు ఇచ్చినారు, సార్,” అనేది నవ్వుతూ. “గేటు తాళం ఇవ్వలేదు.”

నేను రోజూ సాయంత్రం ఆరింటికి గుమ్మంలో కుర్చీ వేసుకుని డైరీ రాసేవాణ్ణి. అక్క వచ్చి చౌకట్టుకి ఆనుకుని నిలబడేది. తెలుగు చదవటం ఆమెకి రాదు. అసలు తెలుగు అక్షరాన్ని మొదట చూసింది నా డైరీలోనే. “అన్నీ గుండ్రాలే, జిలేబీ లాగ” అంది. రోజూ ఒకటే ప్రశ్న.

“ఏటి రాసింది ఈరోజు?”

చదివి వినిపించేవాణ్ణి. వర్షం పడిందని రాస్తే ఆకాశం వైపు చూసి ఒప్పుకునేది. సంగతి తప్పితే దిద్దేది. “కాదు, రెండుమాట్లు పడింది. పొద్దున్న నువ్వు బడికి పోయింది, నీకు తెలీదు.” నేను దిద్దేవాణ్ణి.

సెప్టెంబరులో పుర్టాసి మాసం వచ్చింది. ఆ మాట నేను అక్కడే విన్నాను. ఇక్కడి తెలుగువాళ్ళు పక్కనున్న తమిళుల దగ్గర నేర్చుకుని, నెలంతా మాంసం ముట్టరు. “తెలుగోడివి, పుర్టాసి తెలీదా? మీ ఇండియాలో దేవుడు లేదా?” అని అక్క ఆశ్చర్యపోయింది. యజమాని ఆ నెల మొదటి రోజునే చెప్పేశాడు, ఈ గేటులోకి మాంసం రాకూడదని. మనుషులకే కాదు, కుక్కలకి కూడా. ఉడికించిన మొక్కజొన్న పిండి, పులిసిన గంజి పోసేవాడు. “అవి కూడా మన ఇంట్లోవే కదా, సర్. వాటికీ పుణ్యం” అన్నాడు నాతో. వేళాకోళం కాదు, నిజంగానే నమ్మాడు. అప్పుడే ఈనిన కుక్కకి పాలు ఎండిపోయాయి.

అక్క కూడా ఉపవాసమే, ఒంటిపూట భోజనం. అయినా కొట్టుకి పోయి కోడి తలకాయలు, కాళ్ళు కొనుక్కొచ్చింది. వాటిని ఇక్కడ వాకీటాకీలంటారు: నడిచేవి కొన్ని, మాట్లాడేవి కొన్ని. గేటులోకి తేకూడదు కనక గేటు బయటే, వీధి పక్కన కిరసనాయిలు స్టవ్ పెట్టి రంగుడబ్బాలో ఉడకబెట్టింది. వీధి వీధంతా చూస్తోంది. ఎదురింటాయన కారు ఆపి, “అక్కా, హోటల్ పెట్టావా?” అన్నాడు.

“అవును. కుక్కలకి. నీకు కూడా ప్లేటు పెట్టాలా?”

యజమాని భార్య ఆ మధ్యాహ్నం గేటు తీయలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి అక్క గేటు బయట గట్టు మీద డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నా తాళంచెవితో తీశాను. పెరటి కుళాయి దగ్గర పసుపునీళ్ళు పోసుకుని, తడిచీరతోనే బోనుల దగ్గరికి వెళ్ళింది. ఆ తర్వాత వారంలో రెండుసార్లు అలాగే జరిగింది. దేవుడి దగ్గర కూడా పెద్దగానే అంది: “ఉపాసం నేను చేసింది. దానికి నువ్వు ఎప్పుడు చెప్పింది?”

పాత ఈతలో పిల్ల ఒకటి అమ్ముడుపోక మిగిలిపోయింది. ఒక చెవి నిలబడలేదు. అల్సేషియన్‌కి రెండు చెవులూ నిలబడాలి, లేకపోతే కొనరు. ఆరువారాల వయసులో గుర్తుకోసం దాని మెడకి బట్టలారేసే పసుపుపచ్చ నైలాన్ తాడు ముక్క కట్టారు. పిల్ల పెరిగింది, తాడు పెరగలేదు. నీళ్ళ పీపా వెనక చిన్న బోనులో వేసి దాన్ని మరిచిపోయారు.

దాన్ని మరిచిపోనిది అక్క ఒక్కతే. నాతో అంది: “నువ్వు వానని రాసింది. బడిని రాసింది. ఈ కుక్కని కూడా రాయి.”

రాశాను. గిన్నెలో నీళ్ళు ఉన్నదీ లేనిదీ, పిల్ల లేచి నిలబడ్డదీ లేనిదీ. ఒక మంగళవారం సాయంత్రం అక్క మరిదిని చెయ్యి పట్టుకుని పీపా వెనక్కి తీసుకొచ్చింది. నేను నా గుమ్మంలో ఉన్నాను, పది అడుగుల దూరం. అక్క బోనులోకి చెయ్యి పెట్టి తాడు కింద వేళ్ళు దూర్చటానికి చూసింది. రెండు కాదు, ఒకటి కూడా పట్టలేదు.

“చూడు. లోపలికి దిగిపోతోంది.”

“పుర్టాసి అయ్యాక చూద్దాం, వదినా. ఈ నెల కత్తులూ నెత్తురూ నాకొద్దు.”

అదంతా ఆ పుటలో రాశాను. అక్కకి చదివి వినిపించాను. “సరిగా ఉంది” అంది.

తర్వాత రెండు వారాలకి తాడు కనబడటం మానేసింది. వాసన మొదలైంది. ఒక మధ్యాహ్నం అక్క తన ఫ్యాక్టరీ కత్తెర తెచ్చింది, దారాలు తెంపే చిన్న కత్తెర. నేను పిల్లని ఒళ్ళో పట్టుకున్నాను. అది మూలగలేదు, నా చొక్కా గుండీ నోటితో పట్టుకుని ఉండిపోయింది. వెంట్రుకలు పక్కకి తీస్తే మెడచుట్టూ చర్మం నోరులా తెరుచుకుని ఉంది. అక్క కుట్టు విప్పినట్టే ఒక్కో పోగూ తెంపుతూ పైభాగం తీసింది. కిందది మాంసంలో కలిసిపోయింది. అక్కడ ఆపేసింది. కత్తెర కొంగుతో తుడిచింది.

“ఇంక నా పని కాదు. డాక్టర్ కావాల. నువ్వు బడి నుంచి ఫోన్ చెయ్యి.”

జంతువుల సంరక్షణ సంఘానికి చేశాను. నా పేరు చెప్పలేదు. దానికొక కారణం ఉంది. నా భార్య, ఇద్దరు పిల్లలు ఇంకా రాజమండ్రిలోనే ఉన్నారు. వాళ్ళ కాగితాలకి, వాళ్ళు ఈ చిరునామాలో ఉండొచ్చని ఇంటి యజమాని ఉత్తరం జత చెయ్యాలి. శుక్రవారం ఇస్తానన్నాడు ఆయన.

సంఘం ఇన్‌స్పెక్టర్ గురువారం వచ్చాడు. ఖాకీ చొక్కా, వయసు మళ్ళిన మనిషి. పిల్లని ఎత్తుకుని మెడ చూశాడు, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“ఇది ఎన్నాళ్ళుగా ఉంది?”

“నిన్నో మొన్నో బట్టల తాడులో చిక్కుకున్నట్టుంది, సర్,” అన్నాడు యజమాని. “నేను ఈరోజే చూశాను. తెలిస్తే వదిలేస్తానా? నేను దేవుడికి భయపడేవాణ్ణి.”

“తెలిసి వదిలేస్తే కేసు. తెలియకపోతే హెచ్చరిక,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఎవరైనా చూశారా?”

“సార్ పుస్తకంలో ఉంది,” అంది అక్క ఇంగ్లీషులో. “రోజూ రాశాడు.”

ముగ్గురూ నన్ను చూశారు. డైరీ తెచ్చాను. ఇన్‌స్పెక్టర్ తెరిచి, గుండ్రటి అక్షరాలు చూసి, నాకే తిరిగి ఇచ్చాడు. ఆ పెరట్లో అది చదవగలిగిన వాణ్ణి నేనొక్కణ్ణే. “మీరే చదివి చెప్పండి, సర్.”

ఒక్కో రోజూ ఇంగ్లీషులో చెప్పుకుంటూ వచ్చాను. ఆదివారం: గిన్నె ఎండి ఉంది. సోమవారం: మధ్యాహ్నం వర్షం, గిన్నెలో నీళ్ళు చేరాయి. పుట తిప్పాను. యజమాని చూస్తున్నది నన్ను కాదు, నేలని. ఆయన అలా తల దించుకోవటం నేనెప్పుడూ చూడలేదు. బుధవారం, అన్నాను. పిల్ల లేచి నిలబడింది.

“సార్,” అంది అక్క, తెలుగులో, చాలా మెల్లగా. “మంగళారం ఎక్కడ పోయింది?”

“ఏమంటోంది?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆమె ఇంగ్లీషులో అడగొచ్చు. నేను సర్దుకోవటానికి నాకొక్కడికే తెలిసేలా అడిగింది. అది నాకు అప్పుడే అర్థమైంది.

“ఏం లేదు. రోజులు లెక్కపెడుతోంది,” అన్నాను.

అక్క నా మొహం వైపు చూడలేదు. ఎప్పటిలాగే మెడ వైపు చూసింది. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. “నేను ఈయనకి చూపించాను. పుర్టాసి అయ్యాక చూద్దామన్నాడు.”

“అప్పుడు ఇంకెవరైనా ఉన్నారా?”

“ఎవరూ లేరు. నేను ఒక్కదాన్నే.”

ఇంట్లో గొడవలున్న వదిన మాట ఒక్కటే చాలదని ఇన్‌స్పెక్టర్ హెచ్చరిక కాగితం రాసిచ్చి, పిల్లని తీసుకుని వెళ్ళిపోయాడు. వ్యాను మలుపు తిరిగేదాకా అక్క గేటు చువ్వలు పట్టుకుని నిలబడింది.

శుక్రవారం యజమాని ఉత్తరం నా చేతికి వచ్చింది. ముత్యాల్లాంటి టైపు. ఆ సాయంత్రం ఆరింటికి కుర్చీ వేసుకున్నాను. అక్క గిన్నెలో పప్పన్నం తెచ్చి నా పక్కన పెట్టింది, రోజూ లాగే. మూత తీసి, “వేడిగా ఉంది, మెల్లగా తిను” అంది. తన గదిలోకి వెళ్ళిపోయింది. ఏటి రాసింది అని అడగలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. నేను రాయటం మానలేదు. చౌకట్టు ఖాళీగా ఉండేది.

మూడువారాలకి పిల్లని తెచ్చుకోవచ్చని కబురు వచ్చింది. కుక్కని యజమాని వదులుకున్నట్టు సంతకం పెట్టాడు కనక అది అక్క పేరు మీదికి మారింది. మెడచుట్టూ వెంట్రుకలు లేని తెల్లటి గీత, ఒక చెవి కిందికి. దానికి పేరు పెట్టింది: మంగళారం.

యజమాని భార్య పకపకా నవ్వింది. “అంత పొడుగు పేరా కుక్కకి? అసలు అర్థం ఏమిటి?”

“ఒక రోజు,” అంది అక్క.

పొద్దున్నా సాయంత్రమూ పెరట్లో ఆ పిలుపు వినిపించేది. మంగళారం, రా. మంగళారం, తిను. నేను బోర్డు మీద వేయాల్సిన లెక్కలు కాగితం మీద వేసుకుంటూ వినేవాణ్ణి. ఆ గది వదిలి పోదామా అంటే, ఉత్తరంలో ఉన్న చిరునామా అది.

అప్పటినుంచి అక్క మధ్యాహ్నాలు గేటు దగ్గరే స్టూలు వేసుకుని కూర్చునేది. తాళం పడేది లోపలివైపే. అయినా తాళంచెవి ఆమెది కాదు. పిల్లల్ని కొనటానికి వచ్చిన ప్రతి కారునీ చువ్వల్లోంచి పలకరించేది.

“తల్లిని చూసినారా?”

“లేదు ఆంటీ, పిల్లల్ని చూసి వెళ్దామని.”

“తల్లిని చూపించమని అడగండి. నీళ్ళ పీపా వెనక చూడండి. తర్వాత కొనుక్కోండి.”

లోపలికి వచ్చినవాళ్ళు అడిగేవాళ్ళు. కొందరు బోనులు చూసి కొనకుండా వెళ్ళిపోయేవాళ్ళు. మరిది గేటు దగ్గరికొచ్చి అరిచాడు, “నా అన్నం తిని నా నోరు కొడుతున్నావా, వదినా?”

“నేను ఏం చెప్పింది? తల్లి ఉందని చెప్పింది. తల్లి లేదా?”

చాట్స్‌వర్త్ నుంచి ఒకావిడ, కొన్న పిల్ల వారంలోనే చచ్చిపోతే, తిరిగి వచ్చి అక్క చెప్పిందంతా విని, ఫిర్యాదు రాసి సంతకం పెట్టింది. రెండో సాక్షి ఆవిడ. నేను కాదు. జనవరిలో ఇన్‌స్పెక్టర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి కేసు కోర్టుకి వెళ్ళింది, జరిమానా పడింది, మూడు తల్లుల్నీ తీసుకుపోయారు. బోనులు ఖాళీ అయ్యాయి. గోడలోంచి గోళ్ళ చప్పుడు ఆగిపోయింది. నాకు నిద్రపట్టటానికి చాలా రోజులు పట్టింది.

ఆ ఇంట్లో అక్కతో మాట్లాడేవాళ్ళు లేకపోయారు. షాకాస్‌క్రాల్‌లో ఆమె చెల్లెలుంది, చెరుకుతోటల పక్కన, గోడలేని ఇల్లు. ఒక శనివారం ఉదయం చెల్లెలి కొడుకు వ్యాను తెచ్చాడు. యజమానీ భార్యా తలుపు వేసుకుని లోపల ఉండిపోయారు. గేటు నేను తీశాను. అక్క పెట్టె, కుట్టుమిషను ఎక్కించాం. కుక్క గేటు దాకా వచ్చి ఆగిపోయింది. తెరిచిన గేటు దానికి తెలియదు. అక్క పిలిచింది, గద్దించింది, తూలా అంది. చివరికి వంగి ఎత్తుకుంది. అప్పటికది బరువైన కుక్క. గేటు దాటాక దించి, కొత్త మెడపట్టీ కింద రెండు వేళ్ళు పెట్టి చూసుకుంది.

“అక్కా,” అన్నాను.

వ్యానెక్కబోతూ ఆగి, నా కాలర్‌లో రెండు వేళ్ళు పెట్టింది. ఆ రోజు టై కూడా లేదు.

“రాసుకో, సార్,” అంది. “శనారం. అక్క ఎలిపోయింది, కుక్క ఎలిపోయింది. ఉన్నది ఉన్నట్టు రాసుకో.”

రాసుకున్నాను. మళ్ళీ ఆమెని చూడలేదు. నా భార్యాపిల్లలు వచ్చారు, ఊళ్ళు మారాం. షాకాస్‌క్రాల్ మా ఇంటికి కారులో గంటన్నర. వెళ్ళలేదు.

మొన్న ఆ తెల్లకారు మనిషి నవ్వినప్పుడు నేను పెట్టె మీదికి వంగాను. మిగిలిన రెండింటిలో చిన్నదాని మెడకి ఎర్ర ఊలు దారం. వేళ్ళు పెట్టి చూశాను. ఒకటే పట్టింది.

“గుర్తుకోసం కట్టాం, అంకుల్. అమ్ముడుపోయాక తీసేస్తాం.”

“అమ్ముడుపోకపోతే?”

ఆయన డిక్కీ మూసేశాడు. నేను కారు నంబరు రాసుకున్నాను. ఇంటికొచ్చి మూడు శనివారాలూ డైరీలోంచి తీసి, ఇంగ్లీషులో, ఎవరైనా చదవగలిగేలా పెద్ద అక్షరాలతో రాశాను. సోమవారం జంతువుల సంరక్షణ సంఘం ఆఫీసుకి తీసుకెళ్ళాను. అక్కడి అమ్మాయి కాగితం చూసి, “సాక్షి పేరు రాయలేదు, అంకుల్. కావాలంటే పేరు లేకుండా కూడా తీసుకుంటాం” అంది.

ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాశాను. చిరునామా రాశాను.

“సంతకం పెట్టేముందు ఒకసారి చదివి వినిపిస్తావా, అమ్మా?” అన్నాను.

ఆ అమ్మాయి చదివింది. కళ్ళు మూసుకుని ఒక్కో రోజూ విన్నాను. మొదటి శనివారం ఉంది. రెండోది ఉంది. మూడోది, ఎర్రదారం, పట్టిన ఒక్క వేలు, అన్నీ ఉన్నాయి. సంతకం పెట్టాను.